నలభై దాటని రోటరీ టూల్

జిల్లా రహదారి భద్రతా కార్యాలయం గేటు ముందర ఒక కెమెరా ఉంది. అతివేగంగా వెళ్ళే బండ్లను ఫోటో తీసి, వాటి యజమానుల పేర నోటీసులు పంపడం దాని పని. దాన్ని పట్టుబట్టి పెట్టించింది ఉపసంచాలకులు పరాంకుశం గారు. ఆఫీసులో అందరూ ఆయన్ను డీడీ గారంటారు. ప్రారంభోత్సవం నాడు ఆయన రిబ్బను కత్తిరించి, నాలుగు మంచిమాటలు చెప్పి, ఆకలేస్తోందని జీపెక్కి భోజనానికి బయలుదేరారు. కెమెరా పట్టుకున్న మొట్టమొదటి బండి అదే. గంటకు డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు. నాలుగో రోజున నోటీసు వచ్చింది. పంపినవారు ఉపసంచాలకులు, అందుకోవలసినవారు ఉపసంచాలకులు. పంపినట్టు ఒక సంతకం, అందినట్టు ఒక సంతకం, రెండూ ఆయనే చేశారు.

ఇంకొకరయితే డ్రైవరును నాలుగు తిట్టి ఊరుకునేవారు. పరాంకుశం గారు నియమం గల మనిషి. మర్నాడు ఉదయమే సర్క్యులర్ నంబరు ఏడు వెలువడింది.

"ఈ కార్యాలయమునకు చెందిన, చలనము గల ఏ వస్తువూ, ఏ కారణము చేతనైననూ, గంటకు నలభై కిలోమీటర్లకు మించిన వేగముతో చలింపరాదు. ఉల్లంఘన జరిగినచో సంబంధిత ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

'జీపు' అని రాస్తే సరిపోయేది. కానీ జీపని రాస్తే జీపు సంగతి పదిమందికీ తెలుస్తుంది. అందుకని చలనము గల ఏ వస్తువూ అని రాశారు.

ఆ కాగితం కింద పదకొండో సంతకం వకుళది. ఆమె డ్రాయింగు విభాగంలో ట్రేసరు. రోడ్ల పటాలు, మలుపుల కొలతలు, ఎక్కడ జీబ్రా గీతలు పడాలో, ఎక్కడ బోర్డు నిలబడాలో ఇరవై రెండేళ్ళుగా గీస్తోంది. సంతకం పెట్టేముందు కాగితం మొత్తం చదివే అలవాటు ఆ ఆఫీసులో ఆమె ఒక్కదానికే ఉంది. చదివింది. 'ఏ వస్తువూ' అన్నచోట కాసేపు ఆగింది. తర్వాత సంతకం పెట్టింది. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అప్పటికి ఆమెకు తెలియదు.

వకుళకు ఆ వేసవిలో కావలసింది ఒక్కటే. పాలకేంద్రం మలుపు దగ్గర బస్సు ఆగే చోటు మార్పించాలి.

ఆ మలుపులో బస్సు సరిగ్గా జీబ్రా గీతల ముందు ఆగుతుంది. ఆగిన బస్సు ముందునుంచి జనం రోడ్డు దాటుతారు. బస్సును దాటుకుని వచ్చే కారు డ్రైవరుకు ఆ జనం కనిపించరు, జనానికి కారు కనిపించదు. ఇద్దరికీ ఒకేసారి కనిపించేసరికి చేయగలిగిందేమీ ఉండదు. ఏడాదిలో ముగ్గురు దెబ్బలు తిన్నారు. మూడో మనిషి వకుళ తోడికోడలు కస్తూరి. పాలప్యాకెట్లు తెచ్చుకుంటుంటే కారు తగిలి మోకాలిచిప్ప రెండు ముక్కలయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇల్లొకటే, కింద వాటాలో కస్తూరి, పై వాటాలో వకుళ.

వకుళ పటం గీసి రహదారి భద్రతా కమిటీకి మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ "చూడడమైనది" అని రాసి వెనక్కి పంపారు. నిజంగానే చూశారు. పై నుంచి గీసిన పటంలో బస్సూ కనబడుతుంది, మనిషీ కనబడుతుంది, కారూ కనబడుతుంది. అందరికీ అన్నీ కనబడుతుంటే ఇక ఇబ్బందేమిటని కమిటీవారి భావం.

ఈలోగా జూన్ ఒకటో తారీఖున ఆ చోటే బస్ షెల్టరుకు కాంక్రీటు స్తంభాలు పోస్తారని కబురొచ్చింది. స్తంభాలు పడితే ఇక ముప్ఫయ్యేళ్ళు బస్సు అక్కడే. కమిటీ చివరి సమావేశం మే ఇరవై రెండున.

"పై నుంచి చూస్తే ఏం తెలుస్తుందే, ఆ కారులో కూర్చోబెట్టి చూపించాలి గానీ," అంది కస్తూరి ఒక సాయంత్రం, కాలు స్టూలు మీద చాపుకుని చిక్కుళ్ళు ఒలుస్తూ. "మీ డీడీ గారిని ఓసారి నా చోట నిలబెట్టు. అదీ కుదరకపోతే ఆ కారువాడి చోట కూర్చోబెట్టు."

వకుళ చేతిలోని చిక్కుడుకాయను బస్సులా నేలమీద పెట్టి, వంగి దాని వెనకనుంచి చూసింది.

మర్నాడు ప్రతిపాదన పెట్టింది. మలుపు మొత్తాన్ని బల్లమీద నమూనాగా కట్టాలి. అరచేతిలో ఇమిడే బొమ్మకార్లు ఆరు, ఒక బొమ్మబస్సు. కారును విప్పి, లోపలి సీట్లు చెక్కేసి, వెనకనుంచి కందిగింజంత రంధ్రం చేస్తే, ఆ రంధ్రానికి కన్ను ఆనించినవాళ్ళకు డ్రైవరు చూసేదే కనబడుతుంది. బస్సు పక్కన కారును పెట్టి కమిటీవారి చేత చూపించాలి. అంతే.

బొమ్మలు వారంలో వచ్చాయి. చలనము లేని వస్తువులు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చక్రాలున్నాయే అని సూపరింటెండెంటు వెంకటరత్నం గారికి అనుమానం వచ్చి, బల్లమీద ఒక కారును వేలితో తోసి చూశారు. అది ఫైలుకు తగిలి ఆగింది. నలభై లోపే అని తేల్చి స్టాకు రిజిస్టరులో ఎక్కించారు.

చిక్కు అక్కడినుంచి మొదలయింది. ఆ కార్లు లోహంతో పోతపోసినవి. అడుగున స్క్రూలుండవు, రెండు రివిట్లుంటాయి. వాటి తలలు చెక్కేస్తేగాని కారు విడదు. సుత్తీ ఉలీ పెడితే చితికిపోతుంది. దానికి రోటరీ టూల్ అనే చిన్న మిషను కావాలి. లావుపాటి స్కెచ్ పెన్నులా చేతిలో పట్టుకుంటారు. ముందు ఏ బిట్టు బిగిస్తే ఆ పని చేస్తుంది. ఒకటి తొలుస్తుంది, ఒకటి కోస్తుంది, ఒకటి నునుపు చేస్తుంది.

"నేను కొనుక్కుంటాను సార్, ఇంట్లో కూర్చుని చేసి తెస్తాను," అంది వకుళ.

"సొంత పనిముట్టు ప్రభుత్వ వస్తువు మీద వాడకూడదమ్మా," అన్నారు వెంకటరత్నం గారు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్న మనిషి, దేనికీ తొందరపడరు. "పోయినసారి బోర్డుకు రంగువేయడానికి పక్కింటి నిచ్చెన తెచ్చాం. నిచ్చెన ఎవరిది, ఎందుకు ఎక్కారు, ఎప్పుడు దిగారు అని ఆడిట్ వాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు."

"పోనీ బజార్లో కంసాలి దగ్గర అలాంటి మోటారు ఉంటుంది. అరగంట పని."

"రిజిస్టరులో ఎక్కిన కారు గేటు దాటకూడదు. మనమే కొందాం. పద, షాపుకెళ్ళి చూద్దాం. ఎంపిక అనేది పద్ధతిగా జరగాలి."

రామకోటి టూల్స్ షాపులో రామకోటి మూడు రకాలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. మొదటిది బ్యాటరీది. "చెక్కమీద పేర్లు రాసుకునేవాళ్ళు కొంటారు మేడం. రేకు మీద పెడితే ఏడుస్తుంది." రెండోది పైన కొక్కేనికి మోటారు వేలాడదీసి పాములాంటి గొట్టంతో వాడేది. "కంసాలులకి, పళ్ళ డాక్టర్లకి ఇది. చేతికి బరువుండదు గానీ వేలాడేసే చోటుండాలి." మూడోది నేరుగా ప్లగ్గులో పెట్టేది, పక్కన వేగం తగ్గించి పెంచే చక్రం ఉంది.

వకుళ మూడోదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఆన్ చేసి, బిట్టు ఊగకుండా తిన్నగా తిరుగుతోందో లేదో కళ్ళు చిట్లించి గమనించింది. కార్ల అద్దాలు ప్లాస్టిక్కువి. వేగం ఎక్కువైతే కరిగి అతుక్కుంటాయి. రివిట్లకు వేగం కావాలి, అద్దాలకు నెమ్మది కావాలి. "ఎంతకు తగ్గుతుందండీ?"

"అయిదు వేలకు దిగుతుంది మేడం. పైకి ముప్ఫై అయిదు వేల దాకా పోతుంది," అన్నాడు రామకోటి, దాని గొప్పతనం చెబుతున్నాననుకుని.

వెంకటరత్నం గారు గాజుబల్ల మీదినుంచి చెయ్యి తీసేశారు. "ముప్ఫై అయిదు వేలా?"

"నిమిషానికి సార్."

ఆ మాటతో ఎంపిక షాపులోంచి డీడీ గారి గదిలోకి మారింది.

పరాంకుశం గారు కొనుగోలు ఇండెంటును రెండుసార్లు చదివి, కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు. "నిమిషమునకు ముప్ఫై అయిదు వేలు. గంటకు అరవై నిమిషములు." నొక్కారు. వచ్చిన అంకె చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కారు. "ఇరవై ఒక్క లక్షలు."

కాలిక్యులేటరును వకుళ వైపు తిప్పారు.

"జీపు డెబ్బై ఎనిమిదిలో వెళ్ళినందుకే నాకు నోటీసు వచ్చిందమ్మా. ఈ పరికరము ఇరవై ఒక్క లక్షలలో వెళితే నోటీసు ఎక్కడినుంచి వస్తుందో మీరే ఆలోచించండి."

"అవి కిలోమీటర్లు కాదు సార్, చుట్లు," అంది వకుళ. "ఉన్నచోటే తిరుగుతుంది."

"ఉన్నచోట తిరిగేది చలనము కాదంటారా?"

అవునని వకుళకు తెలుసు. బియ్యెస్సీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి, అది చలనమే. కాగితం, పెన్సిలు అడిగి తీసుకుంది. "బిట్టు మందం మూడు మిల్లీమీటర్లు సార్. ఒక చుట్టు తిరిగితే దాని అంచు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు కూడా ప్రయాణం చేయదు. ముప్ఫై అయిదు వేల చుట్లకు మూడు వందల ముప్ఫై మీటర్లు. గంటకు పందొమ్మిది పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు." కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. "సైకిలంత."

పరాంకుశం గారు ప్రతి అంకె మీదా పెన్ను ఆనించి చదివారు. ఆయనది మొండితనమే గాని దుర్మార్గం కాదు. నియమానికి లోబడినదాన్ని ఆపడం ఆయన చేతకాదు. "బాగున్నది. చాలా బాగున్నది," అన్నారు. వకుళ పెన్సిలు తిరిగి ఇచ్చేసింది. ఆయన మాట అక్కడితో ఆగలేదు. "ఇది సమగ్రమైన పద్ధతి. అయితే ఒక్క పరికరమునకే వర్తింపజేస్తే పక్షపాతమవుతుంది. ఈ కార్యాలయములో తిరుగునట్టి వస్తువులన్నింటికీ ఇదే విధముగా లెక్కగట్టి నివేదిక సమర్పించండి. నివేదిక ఆమోదము పొందిన పిమ్మట మీ పరికరము కొనుగోలు చేయబడును."

బయటికి రాగానే వెంకటరత్నం గారు వరండాలో తల పైకెత్తి చూశారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఏప్రిల్ ఆఖరి వారం, నీడపట్టునే నలభై మూడు డిగ్రీలు.

"అమ్మా వకుళా," అన్నారు గొంతు తగ్గించి. "ఫ్యాన్లు వదిలేయి."

"తిరిగే వస్తువులన్నీ అన్నారు కదండీ."

"నీ చేత్తో గీసిన గీత వంకర పోతే నీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. ఈ ఒక్కసారికీ వంకరగా గియ్యి. మేమంతా నీ పేరు చెప్పుకుని చల్లగా బతుకుతాం."

వకుళ ఆ రోజంతా ఆలోచించింది. ఫ్యాన్లు వదిలేసి నివేదిక పెడితే, ఆయన తల పైకెత్తి చూసిన మరుక్షణం నివేదిక తిరిగొస్తుంది. నివేదిక తిరిగొస్తే టూల్ రాదు. టూల్ రాకపోతే స్తంభాలు పడతాయి. ఇదంతా సబబైన కారణమే. కాకపోతే, ఇదేమీ లేకపోయినా ఆమె ఫ్యాన్లు వదిలేసి ఉండేది కాదు.

లెక్కలు ఇలా వచ్చాయి. గోడగడియారంలో సెకన్ల ముల్లు, పరిమితికి లోబడి ఉన్నది. పెన్సిళ్ళు చెక్కే మర, లోబడి ఉన్నది. సీలింగు ఫ్యాను, రెక్కల వెడల్పు నాలుగడుగులకు కొంచెం తక్కువ, నిమిషానికి మూడు వందల యాభై చుట్లు: గంటకు డెబ్బై తొమ్మిది కిలోమీటర్లు. క్యాంటీనులో చట్నీ రుబ్బే మిక్సీ: గంటకు రెండు వందల మూడు.

డీడీ గారు ఫ్యాను దగ్గర ఆగిపోయారు. "జీపు కంటే ఒక కిలోమీటరు ఎక్కువ," అన్నారు మెల్లగా. తల పైకెత్తారు. ఆ ఫ్యాను పదకొండేళ్ళుగా ఆయన నెత్తిమీదే తిరుగుతోంది. నమ్మినవాడే మోసం చేసినట్టు దాన్ని చూసి, లేచి వెళ్ళి, స్వయంగా రెగ్యులేటరు రెండులోకి తిప్పారు.

సాయంత్రానికి రెగ్యులేటర్లన్నీ రెండు దగ్గర లక్క సీళ్ళు వేసుకున్నాయి. 'పంఖాల వేగ పరిశీలన' అని ఒక రిజిస్టరు తెరిచారు. గంటకోసారి అటెండరు మస్తాను బల్లలెక్కి, ఒక రెక్కకు కట్టిన ఎర్రరిబ్బను చుట్లు లెక్కపెట్టి రాయాలి. మిక్సీని రెండు వందల మూడు కిలోమీటర్ల నేరం మీద స్వాధీనం చేసుకుని, గుడ్డలో చుట్టి, రికార్డు రూములో పెట్టారు. క్యాంటీను సూరమ్మ ఏమీ అనకుండా ఇంటినుంచి రోలు తెప్పించుకుంది. ఆ పల్లీల చట్నీ కోసం మూడో రోజునుంచి పక్క ఆఫీసువాళ్ళు కూడా ఇక్కడికే టిఫినుకు రాసాగారు. సర్క్యులర్ నంబరు ఏడు వల్ల ప్రజలకు కలిగిన మేలు అప్పటికి అదొక్కటే.

"మేడం," అన్నాడు మస్తాను, చొక్కా పిండుకుంటూ వకుళ బల్ల దగ్గరికొచ్చి. యాభయ్యేళ్ళ మనిషి, బల్లలెక్కీ దిగీ తొడలు పట్టేశాయి. "నాకొక సందేహం. నేనూ ఈ ఆఫీసుకు చెందినవాణ్ణే గదా. డీడీ గారు బెల్లు కొడితే పరుగెత్తుతాను. అదీ లెక్కగడతారా?"

"నువ్వెంత పరుగెత్తినా నలభై దాటవు మస్తానూ."

"దాటనుగానీ, రాసిమ్మంటే ఓ కాగితం రాసివ్వండి. దగ్గర పెట్టుకుంటాను."

రాసిచ్చింది. ఆఫీసులో తక్కినవాళ్ళు వకుళతో మాట్లాడడం తగ్గించారు. ఆమె వెళుతుంటే ఎవరో ఒకరు ఫైలుతో విసురుకోవడం కొంచెం గట్టిగా వినిపించేది.

ఇంట్లో కస్తూరి అంతా విని, పైట చెంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది. "నా మోకాలు బాగుచెయ్యమంటే ఊరందరికీ చెమటలు పట్టిస్తున్నావే తల్లీ."

"నవ్వు అక్కా. నీకు ఫ్యాను అయిదులో ఉంది."

మే పదో తారీఖున టూల్ వచ్చింది. ఆమోదంతోపాటు నాలుగు షరతులు వచ్చాయి. మొదటిది, పరికరం మీద వేగ పరిమితి స్పష్టంగా కనపడాలి. రోడ్డు పక్కన పాతే గుండ్రటి నలభై బోర్డును వకుళే గోరంత సైజులో గీసి అంటించింది. రెండోది, కోసే బిళ్ళ గురించి. దాని వెడల్పు ఇరవై నాలుగు మిల్లీమీటర్లు గనుక పూర్తి వేగంలో అది నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు పోతుందని డీడీ గారే ఈసారి లెక్కగట్టి కనిపెట్టారు. నేర్చుకున్న విద్య ఆయనకు ఎంతో నచ్చింది. బిళ్ళ వాడేటప్పుడు అయిదు వేలకు మించరాదని రాశారు. వకుళ తలూపింది. ప్లాస్టిక్కు కోయడానికి ఆమె అనుకున్న వేగం కూడా అదే.

మూడోది, పరికరం నడిపేవారికి తగిన లైసెన్సు ఉండాలి. వెంకటరత్నం గారు వకుళ లైసెన్సు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "గేర్లు లేని వాహనములకు మాత్రమే అని ఉందమ్మా." వకుళ నడిపేది స్కూటీ. ఆయన టూల్‌ను కూడా అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికీ గేర్లు లేవులే," అని తృప్తిగా సంతకం పెట్టారు.

నాలుగోది హెల్మెటు.

ఆ తర్వాత వారం రోజులు, డ్రాయింగు రూము మూలన, రెండులో తిరిగే ఫ్యాను కింద, నలభై నాలుగు డిగ్రీల వేడిలో, వకుళ స్కూటీ హెల్మెటు పెట్టుకుని బొమ్మకార్లు చెక్కింది. వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి చూసి పోయేవారు. ఆమె పట్టించుకోలేదు. లోహపు పొడి కళ్ళలో పడకుండా అద్దం అడ్డుంది గనుక హెల్మెటు నిజానికి పనికొచ్చింది. కారును పాతగుడ్డ చుట్టి చిన్న పట్టకారులో బిగించి, బిట్టు మొనను రివిటు నడిమధ్యన ఆనించి, నొక్కకుండా, దాని బరువుతో దాన్నే దిగనిచ్చేది. నొక్కితే బిట్టు పక్కకు జారి రంగు గీసుకుపోతుంది. వెండిపొడి రాలేది. టిక్కుమని రివిటు తల ఊడేది. కారు పొట్ట విడిపోయి లోపలి సీట్లు, గోరంత స్టీరింగు బయటపడేవి. వెనక సీట్లు కోసేసి, డ్రైవరు కంటి ఎత్తున వెనకనుంచి తొలిచి, అంచులు నునుపు చేసి, మళ్ళీ మూసేది. మొదటి కారు పాడయింది. రెండోది కొంచెం వంకర. హెల్మెటు అద్దం పైకెత్తి మూడోదానికి కన్ను ఆనించి చూసింది. ముందరి అద్దంలోంచి అట్టతో చేసిన రోడ్డు, ఎడమపక్కన బస్సు. బస్సు ముందు, దాని చాటున, తను నిలబెట్టిన మట్టిబొమ్మ ఉంది. ఎర్రచీర, చేతిలో తెల్లసంచి. ఉందని తనకు తెలుసు. కనిపించలేదు.

వకుళ హెల్మెటు తీసి బల్లమీద పెట్టింది. కారు తగిలిన రోజు కస్తూరి ఎర్రచీరే కట్టుకుంది.

మే ఇరవై రెండున మధ్యాహ్నం మూడింటికి సమావేశం మొదలయింది. కమిటీవారు ఆరుగురు, అధ్యక్షులు పరాంకుశం గారు. ఫ్యాన్లు రెండులో ఉన్నాయి. అరగంటలో అందరి చొక్కాలూ వీపులకు అంటుకుపోయాయి. ఒకాయన ఎజెండా కాగితంతో విసురుకుంటూ, దాని వేగం ఎంతుంటుందోనని డీడీ గారి వైపు అనుమానంగా చూసి, నెమ్మదిగా విసురుకోసాగాడు. మినిట్స్ రాయమని వెంకటరత్నం గారు పుస్తకం వకుళ ముందుకు తోశారు. ఆ ఉక్కలో రాసే ఓపిక ఇంకెవరికీ లేదు.

నమూనా బల్ల చుట్టూ చేరారు. వకుళ మూడో కారును బస్సు వెనకగా పెట్టి, "ఈ రంధ్రంలోంచి చూడండి సార్. డ్రైవరుకు కనిపించేది ఇదే," అంది.

పరాంకుశం గారు నడుం వంచి కన్ను ఆనించారు. చాలాసేపు చూశారు. "ఎవరూ కనిపించడం లేదే."

"ఉన్నారు సార్. కన్ను పక్కకు తీసి పైనుంచి చూడండి."

పైనుంచి చూశారు. బస్సు ముందు ఎర్రచీర మనిషి. మళ్ళీ వంగి చూశారు. లేదు. ఆయన ముఖం మీద చెమట చుక్క జారి అట్టరోడ్డు మీద పడింది. "బస్సు అడ్డుగా ఉన్నది," అన్నారు. మూడు పటాలు చెప్పలేనిదాన్ని కందిగింజంత రంధ్రం చెప్పింది.

ఆయన చెయ్యి చాచి, బొమ్మబస్సును రెండు వేళ్ళతో ఎత్తి, తీసేశారు. మళ్ళీ కన్ను ఆనించారు. "ఇప్పుడు స్పష్టముగా కనిపిస్తున్నది." నడుం నిటారుగా చేసి చుట్టూ చూశారు. "అవరోధము తొలగినది. సమస్య పరిష్కారమైనది. తదుపరి అంశము."

కమిటీవారు చప్పట్లు కొట్టారు. తొందరగా ముగిసేదానికి చప్పట్లు కొట్టే స్థితిలో ఉన్నారు అందరూ.

వకుళ మినిట్స్ పుస్తకం దగ్గరికి లాక్కుంది. తర్వాత పెన్ను తీసింది. "రాసుకుంటున్నాను సార్. ఆ చోట మళ్ళీ బస్సు పెట్టమంటారా?"

"ఎందుకమ్మా? తీసినదే అడ్డుగా ఉందని. అక్కడ బస్సు ఉండరాదు."

రాసింది. "మరి ఎక్కడ ఉండాలి సార్?"

"అడ్డము రాని చోట."

వకుళ గీతలకు యాభై అడుగులు ఇవతల, గోడౌను గోడ పక్కన వేలు పెట్టింది. "ఇక్కడ?"

పరాంకుశం గారు వంగి రంధ్రంలోంచి చూశారు. ఎర్రచీర కనిపిస్తూనే ఉంది. "అక్కడ ఉంటే నాకేమీ అభ్యంతరము లేదు. నమూనా చూడముచ్చటగా ఉండవలెను. అంతే గదా."

అది కూడా రాసింది. ఆయన అన్నవే, ఆయన అన్న మాటల్లోనే. "పాలకేంద్రం మలుపు వద్ద బస్సు ఉండరాదని, గీతలకు యాభై అడుగుల ఇవతల గోడౌను గోడ పక్కన ఉండుటకు అభ్యంతరము లేదని అధ్యక్షులవారు స్వయముగా పరిశీలించి నిర్ణయించిరి. సభ్యులు హర్షధ్వానములతో ఆమోదించిరి." బస్సు గురించి ఆయన అన్నదానికి చోటు పేరు తప్ప ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు. చదివి వినిపించనా అని అడిగింది. "చదవడమెందుకమ్మా, ముందు సంతకం కానీయండి," అన్నారొకరు, మెడ తుడుచుకుంటూ. ఏడు సంతకాలూ రెండు నిమిషాల్లో పడ్డాయి. అందరూ ఆఫీసు బయట వేపచెట్టు నీడలోకి, నలభై దాటకుండా, నడిచారు. బస్సు ఇంకా డీడీ గారి చేతిలోనే ఉంది.

తీర్మానం మర్నాడే రోడ్లవాళ్ళకు వెళ్ళింది. వాళ్ళకు నమూనా సంగతి తెలియదు. కాగితంలో ఏముంటే అది చేస్తారు. జూన్ ఒకటిన స్తంభాలు గోడౌను గోడ పక్కన పడ్డాయి. పరాంకుశం గారు జీపులో ముప్ఫై ఎనిమిదిలో పోతూ దాన్ని చూసి, ఆఫీసుకొచ్చి వెంకటరత్నం గారిని అడిగారు. ఆయన మినిట్సు పుస్తకం తెరిచి చూపించారు. డీడీ గారు తన సంతకాన్ని, దాని పైనున్న తన మాటల్ని రెండుసార్లు చదువుకున్నారు. అవి తను అన్నవే. అందులో తప్పేమీ కనిపించలేదు, పైగా బాగున్నాయనిపించింది. షెల్టరు ప్రారంభోత్సవానికి రిబ్బను ఆయనే కత్తిరించారు.

కస్తూరి ఆ మర్నాడే కర్ర పట్టుకుని పాలకు బయలుదేరింది. వకుళ వెంట నడిచింది. బస్సు దూరంగా, గోడ పక్కన ఆగి ఉంది. రోడ్డు ఇటు చివరినుంచి అటు చివరిదాకా కనబడుతోంది. ఒక కారు వస్తూ వస్తూ వాళ్ళను చూసి ఆగింది.

"వాడికి నేను కనబడ్డానే," అంది కస్తూరి, సగం రోడ్డులో ఆగి.

"కనబడ్డావు గానీ నడు అక్కా. వాడు ఎంతసేపని ఆగుతాడు."

సర్క్యులర్ నంబరు ఏడు ఇప్పటికీ అమలులో ఉంది. ఫ్యాన్లు రెండులోనే ఉన్నాయి. రోటరీ టూల్ గోరంత బోర్డుతో సహా బీరువాలో ఉంది. జులైలో స్టాకు తనిఖీకి వచ్చినవారు నమూనా బల్లను పరిశీలించి, వకుళకు ఒక మెమో ఇచ్చారు. "రిజిస్టరు ప్రకారము ఉండవలసిన ఒక బస్సు నమూనాయందు కానరాలేదు. సదరు బస్సు ప్రస్తుతము ఎక్కడ ఉన్నదో మూడు దినములలోగా తెలియజేయవలెను."

బొమ్మబస్సు డీడీ గారి బల్లమీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. ఫ్యాను రెండులో తిరుగుతుండగా ఎగిరే కాగితం అంటూ ఏదీ లేదు. అయినా ఉంది. వకుళ రోజూ చూస్తూనే ఉంది.

ఆమె మెమోను మొత్తం చదివింది. మినిట్సు పుస్తకం తీసి పక్కన పెట్టుకుంది. తర్వాత తన గుండ్రటి అక్షరాలతో జవాబు రాసింది.

"తీర్మానము ప్రకారము గీతలకు యాభై అడుగుల ఇవతల, గోడౌను గోడ పక్కన ఉన్నది. ప్రతి ఇరవై నిమిషములకు ఒకటి చొప్పున వచ్చుచున్నది. తనిఖీ అధికారులు ఏ సమయముననైనను పరిశీలించుకొనవచ్చును."